చలికాలంలో రూట్ 66 మీద క్యాంపింగ్ ఎలా చేయాలి: ఎత్తు చూసుకుని దిగండి

అరిజోనా అనగానే మనవాళ్లకి ఎండ, ఎడారి, బ్రహ్మజెముడు గుర్తొస్తాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లదీ ఇదే లెక్క. అందుకే డిసెంబరు సెలవుల్లో రూట్ 66 మీద టెంటు వేసుకుంటూ తిరుగుదామని బయల్దేరేవాళ్లు వేసవికి కొన్న పల్చటి స్లీపింగ్ బ్యాగులే సర్దుకుంటారు. ఈ పాత హైవే ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర దాదాపు 6,900 అడుగుల ఎత్తులో పోతుంది. జనవరి రాత్రుల్లో అక్కడ సగటున మైనస్ 8 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. ఏటా సగటున ఏడెనిమిది అడుగుల మంచు కురుస్తుంది. అక్కడి నుంచి పడమటికి రెండు వందల మైళ్లు దిగి, కొలరాడో నది ఒడ్డున ఉన్న నీడిల్స్ చేరితే ఎత్తు 500 అడుగులే. అదే జనవరి రాత్రి అక్కడ 7 డిగ్రీల దాకా ఉంటుంది, శాలువా కప్పుకుని బయట కూర్చోవచ్చు.

ఈ ప్రయాణానికి పట్టుకోవాల్సిన సూత్రం ఇదే. ఎత్తున ఉన్న ఊళ్లు పగలు చూడండి, రాత్రికి కిందికి దిగి పడుకోండి. మ్యాపులో ఊరి పేరు పక్కన అది ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో రాసుకోండి. వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు రెండు డిగ్రీలు తగ్గుతుందని లెక్క వేసుకోండి. ఎక్కడ ఆగాలి, ఏం కప్పుకోవాలి, ఏ స్టవ్ తెచ్చుకోవాలి అన్నవన్నీ ఆ అంకెల్లోంచే తేలతాయి.

ముందు ఏ ముక్క చూడాలో తేల్చుకోండి

రూట్ 66 పుట్టింది 1926 నవంబరు 11న. షికాగో నుంచి లాస్ ఏంజిలిస్ దాకా ఎనిమిది రాష్ట్రాల మీదుగా 2,448 మైళ్లు. మొత్తం రోడ్డు తారు, సిమెంటు పూర్తయ్యేసరికి 1938 వచ్చింది. 1930లలో దుమ్ము తుపానులకి పొలాలు పోగొట్టుకున్న ఓక్లహామా రైతులు సామాన్లన్నీ పాత కార్లకి కట్టుకుని పని వెతుక్కుంటూ కాలిఫోర్నియా పోయింది ఈ దారినే. తర్వాత ఇంటర్‌స్టేట్ హైవేలు పక్కనుంచి వచ్చి ఒక్కో ఊరినీ దాటేశాయి. 1985లో రూట్ 66ని జాతీయ హైవేల జాబితాలోంచి తీసేశారు. కాబట్టి ఈనాటి మ్యాపుల్లో అది ఒకే గీతగా కనిపించదు. ఒకచోట ఊరి మెయిన్ స్ట్రీట్‌గా, ఒకచోట ఐ-40 (ఇంటర్‌స్టేట్ 40) పక్కన సర్వీసు రోడ్డుగా, ఒకచోట గడ్డి మొలిచిన పగుళ్ల తారుగా మిగిలింది.

చలికాలంలో టెంటుతో వెళ్లేవాళ్లు ఇలినాయ్, మిసోరి, ఓక్లహామా భాగాల జోలికి పోవద్దని నా మాట. అక్కడ గడ్డకట్టే వాన పడుతుంది, రోడ్లు అద్దంలా జారతాయి, చాలా క్యాంపుగ్రౌండ్లు మూసేసి ఉంటాయి. అరిజోనాలోని హోల్‌బ్రుక్ నుంచి కాలిఫోర్నియాలోని యాంబాయ్ వరకూ సుమారు 400 మైళ్ల ముక్క తీసుకోండి. నాలుగు రాత్రులు చాలు. పాత రోడ్డు తెగకుండా ఎక్కువ దూరం మిగిలి ఉన్నదీ ఇక్కడే. సెలిగ్మన్ నుంచి నది ఒడ్డున టోపాక్ దాకా దాదాపు 160 మైళ్లు ఇంటర్‌స్టేట్ ఎక్కకుండానే పోవచ్చు.

దిశ మాత్రం తూర్పు నుంచి పడమరకే. ఇలా వస్తే చలి ఎక్కువ ఉండే రాత్రి మొదట్లోనే అయిపోతుంది, అప్పటికి ఒంట్లో ఓపికా బ్యాటరీల్లో చార్జీ నిండుగా ఉంటాయి. ఫీనిక్స్‌లో దిగి కారు తీసుకునేవాళ్లు ఐ-17 మీద 145 మైళ్లు ఎక్కి ఫ్లాగ్‌స్టాఫ్ చేరి, తూర్పుకి హోల్‌బ్రుక్ దాకా వెళ్లి అక్కడ మొదలుపెట్టవచ్చు. డాలస్ నుంచి కారులో వచ్చేవాళ్లకి అమరిల్లో, ఆల్బుకర్కీ మీదుగా ఐ-40 నేరుగా హోల్‌బ్రుక్‌కే తెస్తుంది.

ఎప్పుడు? డిసెంబరు మొదటి సగం నాకు ఇష్టం. జనం తక్కువ, ఆకాశం శుభ్రంగా ఉంటుంది, 13, 14 తేదీల రాత్రుల్లో జెమినిడ్ ఉల్కలు రాలతాయి. క్రిస్మస్ వారంలో ఫ్లాగ్‌స్టాఫ్, విలియమ్స్ మోటళ్లు నిండిపోతాయి. తుపాను వస్తే తలదాచుకోవడానికి గది దొరకని వారాన్ని ఎంచుకోకపోవడమే మంచిది.

పడుకునే చోట్లు ముందే రాసుకోండి

మొదటి రాత్రికి విన్‌స్లో పక్కన హోమోలోవి స్టేట్ పార్క్. ఎత్తు 4,900 అడుగులు. ఇది నాలుగింటిలోకీ చలి రాత్రి. జనవరిలో విన్‌స్లో సగటు కనిష్ఠం మైనస్ 7 దరిదాపుల్లో ఉంటుంది. కరెంటు కనెక్షన్ ఉన్న సైటు బుక్ చేసుకోండి. హోపీ అనే ఆదివాసీ తెగవాళ్ల పూర్వీకులు కట్టుకున్న ఊళ్ల శిథిలాలు ఈ పార్కులో ఉన్నాయి. నేలమీద కుండపెంకులు కనబడతాయి. అవి హోపీలకి తాతముత్తాతల ఇల్లు, ముట్టుకుని చూసినా తిరిగి అక్కడే పెట్టండి.

రెండో రాత్రికి కింగ్‌మన్, 3,300 అడుగులు. ఇక్కడ ఒక జాగ్రత్త. వెతికితే వాలపాయ్ మౌంటెన్ పార్క్ పేరు మొదట్లోనే వస్తుంది. పైన్ చెట్లు, పాత రాతి కాటేజీలు, చాలా బాగుంటుంది. కానీ అది ఊరికి పైన కొండమీద, 5,000 అడుగులు దాటిన చోట ఉంది, మంచు పడుతుంది. టెంటు రాత్రికి ఊళ్లోని ప్రైవేటు క్యాంపుగ్రౌండే మేలు. ఈ దారిలోని ప్రైవేటు క్యాంపుగ్రౌండ్లలో కొన్నిటికి చిన్న చెక్క క్యాబిన్లు, హీటర్లు ఉంటాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెంట ఉంటే వాళ్లని టెంటులో పడుకోబెట్టకండి, క్యాబిన్ తీసుకోండి. చంటిపిల్లల విషయంలోనూ నాది ఇదే మాట.

మూడో రాత్రి నది ఒడ్డున. నీడిల్స్, టోపాక్ మధ్య మొవాబీ రీజనల్ పార్కు లాంటివి ఉన్నాయి. నాలుగో రాత్రి యాంబాయ్ చుట్టుపక్కల మోహావే ట్రైల్స్ నేషనల్ మాన్యుమెంట్‌లో. 2016లో ప్రకటించిన ఈ భూమి కేంద్ర ప్రభుత్వపు బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చేతిలో ఉంది. అందరూ బీఎల్ఎం అంటారు. బీఎల్ఎం భూముల్లో చాలాచోట్ల ఊరికే టెంటు వేసుకోవచ్చు, ఒకేచోట 14 రోజులు మించకూడదు. నీళ్లు, మరుగుదొడ్డి ఏవీ ఉండవు. అంతకుముందు ఎవరో టెంటు వేసిన గట్టి నేల చూసుకుని అక్కడే వేయండి, కొత్త నేల తొక్కవద్దు. ఎండిన వాగులో మాత్రం ఎప్పుడూ వేయకండి. ఇసుక మెత్తగా, గాలి తగలకుండా, ఆశపెట్టేలా ఉంటుంది. ఎక్కడో కొండల్లో పడిన వాన అర్ధరాత్రి అక్కడికే వస్తుంది.

సెలిగ్మన్ దాటాక పీచ్ స్ప్రింగ్స్ చుట్టూ ఉన్నది వాలపాయ్ తెగ భూమి. హోల్‌బ్రుక్‌కి ఉత్తరాన నావహో తెగ భూమి, నావహో నేషన్. తెగల అనుమతి లేకుండా అక్కడ రోడ్డు పక్కన టెంటు వేయడం నేరం, అమర్యాద కూడా.

బుక్ చేసేటప్పుడు ఒక్క ప్రశ్న తప్పక అడగండి: "చలికాలంలో కొళాయిలు పనిచేస్తాయా?" పైపులు గడ్డకట్టి పగలకుండా చాలాచోట్ల నీళ్లు ఆపేస్తారు. మనిషికి రోజుకి నాలుగు లీటర్లు, వంటకి వేరే, ఎప్పుడూ కారులో ఉండాలి.

పడక

చలి పైనుంచి వస్తుందని అనుకుంటాం. టెంటులో అది ఎక్కువగా కిందనుంచి వస్తుంది. గడ్డకట్టిన నేల రాత్రంతా ఒంట్లో వేడిని లాగుతూనే ఉంటుంది. స్లీపింగ్ బ్యాగు కింది భాగం మన బరువుకి నలిగిపోయి ఎందుకూ పనికిరాదు. అందుకే డబ్బులు తక్కువగా ఉంటే ముందు పరుపు మీద ఖర్చుపెట్టండి. పంపుతో గాలి కొట్టే మామూలు ఎయిర్ బెడ్ వేసవికి. చలికాలంలో దాని లోపలి గాలి నేలంత చల్లబడి మిమ్మల్ని కిందనుంచి వణికిస్తుంది. క్యాంపింగ్ ప్యాడ్ల మీద ఆర్ వ్యాల్యూ అని ఒక అంకె ఉంటుంది, నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పేది. ఈ దారికి మొత్తం 5 దాటాలి. ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ అంకెలు కలుస్తాయి. కింద రెండు విలువున్న ఫోమ్ ప్యాడ్ ఒకటి, పైన ఇన్సులేషన్ ఉన్న గాలి ప్యాడ్ ఒకటి వేసుకోవడం నేను చెప్పగల మంచి పద్ధతి. గాలి ప్యాడ్‌కి చిల్లు పడినా ఫోమ్ మిగులుతుంది.

స్లీపింగ్ బ్యాగు కొనేటప్పుడు పేరులో పెద్దగా రాసిన అంకెని నమ్మి కొనకండి. లేబుల్ మీద కంఫర్ట్ అని ఒకటి, లోయర్ లిమిట్ అని ఒకటి ఉంటాయి. పేరులో కనిపించేది చాలాసార్లు రెండోదే, అంటే ముడుచుకుని ఎలాగోలా రాత్రి గడిపే హద్దు. మీరు చూడాల్సింది కంఫర్ట్. హోమోలోవి రాత్రికి అది 10, 15 ఫారన్‌హీట్ ఉండాలి. సెల్సియస్‌లో మైనస్ 9 నుంచి మైనస్ 12. పెద్దల బ్యాగులో చిన్నపిల్లల్ని పడుకోబెడితే ఖాళీ జాగా అంతా వాళ్ల ఒళ్లే వేడెక్కించుకోవాలి. కాళ్ల దగ్గర మిగిలిన భాగాన్ని మడిచి కింద పెట్టండి, లేదా పొడి బట్టలతో నింపండి.

ఒంటిమీద నూలు బట్ట వద్దు. చెమటో మంచో తగిలి తడిస్తే ఆరదు, ఆరనంతసేపూ చలే. ఉన్నివి గానీ పాలియెస్టర్ థర్మల్స్ గానీ వేసుకోండి. పడుకునే ముందు మొత్తం బట్టలు మార్చండి, పగలు వేసుకున్న సాక్సుల్లో కంటికి కనబడని తడి ఉంటుంది. తలకి మంకీ క్యాప్ పెట్టుకోండి. ఊటీకి పోతూ నాన్న పెట్టుకునే ఆ టోపీకన్నా ఈ పనికి మెరుగైనది నేను చూడలేదు, మెడా చెవులూ కలిపి మూస్తుంది. ముఖం మాత్రం బ్యాగు లోపల పెట్టి పడుకోకండి. ఊపిరి తేమకి దూది తడిసి తెల్లారేసరికి బ్యాగు బరువెక్కుతుంది. టెంటు పైన గాలి కిటికీలూ ఎంత చలైనా కాస్త తెరిచే ఉంచండి. మూస్తే లోపలి తేమ గుడ్డకి పట్టి గడ్డకట్టి, పొద్దున ఎండ తగలగానే చినుకుల్లా మీదపడుతుంది.

పడుకోబోయే ముందు ఏదైనా కాస్త నేతితో తినండి. జీర్ణమవుతున్నంతసేపూ ఒళ్లు వేడి పుట్టిస్తుంది. మూత గట్టిగా బిగిసే సీసాలో వేడినీళ్లు పోసి, సాక్సులో దూర్చి, కాళ్ల దగ్గర పెట్టుకోండి. పొద్దున గడ్డకట్టని తాగునీళ్లూ అవే. ఫోను, కెమెరా బ్యాటరీలు, చేత్తో నొక్కి వాడే నీళ్ల ఫిల్టరు బ్యాగులోకి రావాలి. సన్నటి గొట్టాలుండే ఫిల్టరు ఒకసారి గడ్డకడితే లోపల చిట్లిపోతుంది. పైకి బాగానే కనబడినా ఇక అది సూక్ష్మజీవుల్ని ఆపదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. టెంటులో గానీ, అద్దాలు మూసిన కారులో గానీ స్టవ్, గ్యాస్ హీటర్, బొగ్గుల కుంపటి ఏదీ వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మత్తుగా నిద్ర పట్టినట్టే ఉంటుంది, మళ్లీ లేవరు. మంచులో ఆగిపోయిన కారులో ఇంజిన్ వేసుకుని కూర్చోవాల్సి వస్తే ముందు దిగి, పొగ గొట్టం చుట్టూ మంచు తీసేసి రండి. కారులోనే పడుకునేవాళ్లు ఇంజిన్ ఆపి, రెండు అద్దాలు వేలెడు దించి పడుకోవాలి.

వంట

ఆసియా కొట్లలో దొరికే ఒంటి పొయ్యి బ్యూటేన్ స్టవ్ ఇళ్లల్లో చాలామందికి ఉంటుంది. దాన్ని ఇక్కడికి తేకండి. బ్యూటేన్ దాదాపు సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. డబ్బా నిండుగా ఉన్నా పొద్దున మంట రాదు. ప్రొపేన్ మైనస్ 42 వరకూ పనిచేస్తుంది. కాబట్టి ప్రొపేన్ సిలిండరుతో నడిచే రెండు పొయ్యిల స్టవ్ కావాలి.

ఎత్తు వంటనీ పట్టుకుంటుంది. ఫ్లాగ్‌స్టాఫ్ ఎత్తులో నీళ్లు 93 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో కందిపప్పు పెడితే గంటయినా బద్ద బద్దగానే ఉంటుంది, గ్యాస్ అయిపోతుంది. మూడు లీటర్ల చిన్న ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోండి. అమెరికన్ క్యాంపింగ్ జాబితాల్లో ఇది కనిపించదు, కానీ కొండల మీద అన్నం పప్పు తినేవాళ్లకి ఇంతకన్నా పనికొచ్చే సామాను లేదు. రాత్రి పడుకునేముందు అదే కుక్కర్లో నీళ్లు నింపి మూతపెట్టండి. తెల్లారేసరికి గడ్డకట్టినా నేరుగా స్టవ్ మీద పెట్టేయొచ్చు. డబ్బాల్లో నీళ్లు గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది కాబట్టి సీసాలు తలకిందులుగా నిలబెడితే మూత దగ్గర నీళ్లు నీళ్లుగానే ఉంటాయి.

ఏం తేవాలంటే, ఇంటి దగ్గరే వేయించి తాలింపు కూడా కలిపేసిన ఉప్మా రవ్వ, పులిహోర పేస్టు, కందిపొడి, ఆవకాయ, అటుకులు. చేతులు కొంకర్లు పోతున్నప్పుడు ఉల్లిపాయలు తరగడం ఎంత కష్టమో అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది, కాబట్టి తరగాల్సినవన్నీ ఇంట్లోనే తరిగి తెండి. కొబ్బరినూనె, నెయ్యి రాయిలా అయిపోతాయి, వెడల్పు మూతి సీసాల్లో పెట్టుకుంటే చెంచాతో తవ్వుకోవచ్చు. ఐస్ పెట్టె ఈ కాలంలో వేరే పనికి వస్తుంది, గుడ్లూ కూరగాయలూ గడ్డకట్టకుండా కాపాడటానికి. రాత్రి చారు కాచి ఫ్లాస్కులో పోసి టెంటులో పెట్టుకోండి, అర్ధరాత్రి మెలకువ వస్తే దాని విలువ తెలుస్తుంది.

పచ్చి కరివేపాకు మాత్రం వెంట తేకండి. ఐ-40 మీద కాలిఫోర్నియాలోకి అడుగుపెట్టగానే నీడిల్స్ దగ్గర వ్యవసాయ తనిఖీ కేంద్రం ఉంటుంది. నిమ్మజాతి తోటల్ని నాశనం చేసే తెగులుని మోసే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది, అందుకే ఆ ఆకు రాకపోకల మీద ఆంక్షలున్నాయి. పళ్లు, మొక్కలు ఏమున్నాయని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కరివేపాకు రుచి కావాలంటే ఇంట్లోనే వేయించి పొడి చేసి తెచ్చుకోవడం తేలిక.

కట్టెలు కూడా దూరం నుంచి మోసుకురావద్దు, పురుగులు వాటితోపాటు ప్రయాణం చేస్తాయి. ఆగిన ఊళ్లో కొనండి. కాలిఫోర్నియాలో ప్రభుత్వ భూమి మీద, క్యాంపుగ్రౌండు బయట, నెగడు వేయాలన్నా చివరికి స్టవ్ వెలిగించాలన్నా క్యాంప్‌ఫైర్ పర్మిట్ ఉండాలి. ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తారు.

కారు

కూలెంట్ సరిపోను ఉందా, బ్యాటరీ పాతదా అన్నవి బయల్దేరేముందే మెకానిక్‌తో చూపించండి. అద్దాలు కడిగే ద్రవం గడ్డకట్టని రకం పోయించండి, మామూలుది ఫ్లాగ్‌స్టాఫ్‌లో గొట్టంలోనే గడ్డకడుతుంది. పది డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గితే టైరులో గాలి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది, కాబట్టి చల్లని పొద్దున కొలిచి నింపుకోవాలి. పార, మంచు గీకే బ్రష్, జంపర్ కేబుల్స్, టార్చి, దుప్పట్లు డిక్కీలో పైనే ఉండాలి, సామాన్ల కింద కాదు. అద్దెకారు అయితే టైర్లకి మంచు చైన్లు వేయనిస్తారా, మట్టిరోడ్డు మీద నడపనిస్తారా అని ఒప్పందంలో చదవండి, చాలా కంపెనీలు ఒప్పుకోవు.

రోజూ పొద్దునా సాయంత్రం నేషనల్ వెదర్ సర్వీస్ సూచన, అరిజోనా రోడ్ల స్థితి చెప్పే 511 సేవ చూడండి. తుపాను వస్తే ఫ్లాగ్‌స్టాఫ్ చుట్టూ ఐ-40ని పూర్తిగా మూసేస్తారు. మూస్తారన్న సూచన కనబడితే ఎక్కడున్నారో అక్కడే, వీలైతే కింది ఊళ్లో, ఒక రాత్రి ఎక్కువ ఉండండి. అందుకే నాలుగు రాత్రుల ప్రయాణానికి ఐదు రోజుల సెలవు పెట్టమంటాను.

ఇక దారి

హోల్‌బ్రుక్‌కి తూర్పున పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్క్ ఉంది. రూట్ 66 ముక్కని తన లోపల దాచుకున్న నేషనల్ పార్కు ఇదొక్కటే. పాత రోడ్డు పోయిన చోట టెలిఫోన్ స్తంభాల వరుస, తుప్పుపట్టిన 1932 స్టూడిబేకర్ కారు కనిపిస్తాయి. రాయిగా మారిన చెట్ల దుంగల మీద మంచు పొర పడిన పొద్దున చూడగలిగితే మీ అదృష్టం. చిన్న ముక్క కూడా జేబులో వేసుకోకూడదు. లోపలి రోడ్డు 28 మైళ్లు, సాయంత్రానికి గేట్లు మూసేస్తారు, కారుతో వెళ్లి టెంటు వేసుకునే క్యాంపుగ్రౌండు లేదు. కాబట్టి మధ్యాహ్నానికే బయటపడి విన్‌స్లో దారి పట్టండి. చీకటి పడకముందే, మూడున్నరకల్లా, సైటు చేరడం ప్రతిరోజూ అలవాటు చేసుకోండి. డిసెంబరులో ఐదూ ఇరవైకే పొద్దు గుంకుతుంది, ఆ వెంటనే ఎడారి గాలి వేడి వదిలేస్తుంది. సూచన మైనస్ 10 దాటితే మొండికి పోకుండా గది తీసుకోండి. హోల్‌బ్రుక్‌లో 1950 నాటి శంకు ఆకారపు సిమెంటు గదుల విగ్వామ్ మోటల్, విన్‌స్లోలో ఆర్కిటెక్ట్ మేరీ కోల్టర్ గీసిన 1930 నాటి లా పొసాడా హోటల్ రెండూ ఈ రోడ్డు చరిత్రలో భాగాలే.

మరునాడు ఫ్లాగ్‌స్టాఫ్. ప్లూటోని 1930లో కనిపెట్టిన లోవెల్ అబ్జర్వేటరీ ఇక్కడిదే. ప్రపంచంలో మొదటి డార్క్ స్కై నగరంగా, అంటే దీపాల వెలుతురు రాత్రి ఆకాశాన్ని చెరపకుండా చూసుకునే ఊరిగా, 2001లో గుర్తింపు పొందిందీ ఇదే. పగలు చూసి కదలండి. విలియమ్స్ 1984 అక్టోబరులో ఐ-40 దాటేసిన చివరి రూట్ 66 ఊరు. అక్కడి నుంచి గ్రాండ్ క్యాన్యన్ సౌత్ రిమ్ 60 మైళ్లు, చలికాలమంతా తెరిచే ఉంటుంది. అయితే ఎత్తు 7,000 అడుగులు. ఈ ప్రయాణంలో కలపాలనుకుంటే దానికి వేరే రోజు ఇవ్వండి, గదిలో పడుకోండి.

విలియమ్స్ దాటాక దిగుడు మొదలవుతుంది. సెలిగ్మన్‌లో ఆగి పెట్రోలు నింపి, మెయిన్ స్ట్రీట్ మీద నడవండి. 1978 సెప్టెంబరు 22న ఐ-40 తెరుచుకున్న రోజునే ఈ ఊరికి కార్లు రావడం ఆగిపోయింది. మంగలి కొట్టు నడిపే ఏంజెల్ డెల్గడీయో ఊరుకోలేదు. తోటివాళ్లని కూడగట్టి 1987లో సంఘం పెట్టి, అరిజోనా ప్రభుత్వం చేత పాత రోడ్డుకి చారిత్రక గుర్తింపు తెప్పించారు. మనం ఈరోజు ఈ దారిన టెంటు వేసుకుంటూ తిరగగలుగుతున్నామంటే ఆ పట్టుదల వల్లే. ఆ ఊళ్లో ఒక కాఫీ అయినా కొనుక్కుని తాగండి. అక్కడి నుంచి పీచ్ స్ప్రింగ్స్, ట్రక్స్‌టన్, హ్యాక్‌బెరీ మీదుగా కింగ్‌మన్ దాకా 87 మైళ్లు. దారంతా రైలు పట్టాలు పక్కనే వస్తాయి. రాత్రి కూడా గూడ్సు బండ్లు ఆగవు, నిద్ర తేలికగా తెగేవాళ్లు చెవుల్లో పెట్టుకునే ఫోమ్ బిళ్లలు తెచ్చుకోవాలి.

కింగ్‌మన్ నుంచి ఓట్‌మన్ రోడ్డు మొత్తం ప్రయాణంలో నాకు ప్రాణం. సన్నటి మలుపులు, చాలాచోట్ల పక్కన గోడ ఉండదు. సిట్‌గ్రీవ్స్ కనుమ 3,550 అడుగులు. 40 అడుగుల కన్నా పొడవైన బండ్లని రానివ్వరు. ఆ రోజుల్లో ఈ ఎక్కుడుకి భయపడి డబ్బిచ్చి స్థానికుల చేత కారు దాటించుకున్నవాళ్లున్నారు. 1950ల మొదట్లో దీన్ని తప్పించి వేరే దారి వేశారు. పొద్దున పదిన్నర తర్వాత ఎక్కండి, నీడ మలుపుల్లో కనబడని మంచు పొర అప్పటికి కరుగుతుంది. పెట్రోలు కింగ్‌మన్‌లోనే నింపాలి, ఓట్‌మన్‌లో బంకు లేదు. అక్కడ వీధుల్లో తిరిగే గాడిదలు ఒకప్పటి బంగారు గనుల పనివాళ్లు వదిలేసిన వాటి సంతతి. కారు కిటికీలోంచి తిండి పెట్టకండి, కరుస్తాయి, కార్లకి అడ్డం పడటం అలవాటవుతుంది.

నది దాటగానే గడియారం గంట వెనక్కి జరుగుతుంది. చలికాలంలో కాలిఫోర్నియా అరిజోనాకి గంట వెనక. అంటే నీడిల్స్‌లో నాలుగూ ముప్పై అయిదుకే పొద్దు గుంకుతుంది. ఒడ్డున టవర్లు మారి ఫోను అటూ ఇటూ దూకుతుంది కాబట్టి చేతి గడియారం చూసుకుని నడవండి.

నీడిల్స్‌లో ట్యాంకు, నీళ్ల డబ్బాలు రెండూ నింపండి. ఇక ముందుంది మోహావే ఎడారి. గోఫ్స్, ఫెన్నర్, ఎసెక్స్, డాన్బీ, కేడిజ్, బ్రిస్టల్, యాంబాయ్: రైల్వేవాళ్లు పడమటి నుంచి అక్షరక్రమంలో పేర్లు పెట్టుకుంటూ వచ్చిన స్టేషన్లు. ఇక్కడి పాత రోడ్డు మీద 1930ల నాటి చెక్క వంతెనలు చాలా ఉన్నాయి, వాగులు పొంగి దెబ్బతిని కొన్ని భాగాలు మూతపడతాయి. ముందురోజే శాన్ బెర్నార్డినో కౌంటీ రోడ్ల సమాచారం చూడండి. మూసి ఉన్నచోట అడ్డుకంచె తప్పించి పోవద్దు, ఐ-40 మీద వచ్చి కెల్‌బేకర్ రోడ్డు దగ్గర దిగితే యాంబాయ్ చేరవచ్చు. ఫోను సిగ్నల్ చాలాదూరం ఉండదు, మ్యాపులు ముందే దించుకోండి.

యాంబాయ్‌లో రాయ్స్ మోటల్ ముందు 1959 నాటి ఎత్తైన బోర్డు, పక్కనే అగ్నిపర్వతపు బిలం. బిలం పైకి నడక వేసవిలో ప్రాణాల మీదికి తెచ్చేది. చలికాలంలో పొద్దున హాయిగా ఎక్కి దిగవచ్చు, నల్లటి లావా రాళ్లకి గట్టి బూట్లు వేసుకోండి. ఇక్కడ అసలు ఇబ్బంది చలి కాదు, గాలి. టెంటు వెడల్పు వైపు గాలికి పెట్టకండి. ఇసుకలో మేకులు నిలవవు, సంచుల్లో రాళ్లు నింపి తాళ్లు కట్టి పాతిపెట్టండి. కారుని గాలి వచ్చే వైపు నిలిపితే సగం పని అదే చేస్తుంది. మలవిసర్జనకి జానెడు లోతు గుంత తవ్వాలి, టిష్యూ కాగితాలు మాత్రం సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్లాలి. ఈ నేలలో అవి ఏళ్ల తరబడి కుళ్లవు.

శాంటా మోనికా దాకా పోవాలనుకునేవాళ్లు బార్‌స్టో, విక్టర్‌విల్ మీదుగా కహోన్ కనుమ దిగాలి. అది మళ్లీ 4,000 అడుగుల పైన ఉంటుంది, చలికాలపు తుపాన్లకి అక్కడా మంచు పడి రోడ్డు మూస్తారు. బయల్దేరే పొద్దున కాలిఫోర్నియా రోడ్ల స్థితి చూపే క్విక్‌మ్యాప్ చూసి కదలండి.

ఇల్లు చేరిన రోజే టెంటు, స్లీపింగ్ బ్యాగులు విప్పి ఆరేయండి, పొడిగా కనబడినా సరే. రెండు రోజులు ఆరాక బ్యాగుల్ని బిగించి చుట్టకుండా పెద్ద గుడ్డ సంచిలో వదులుగా వేసి అల్మరాలో పెట్టండి. నలిగి ఉన్న దూది మళ్లీ పొంగదు, పొంగని బ్యాగు వచ్చే డిసెంబరులో కంఫర్ట్ అంకె దాకా వేడినివ్వదు.